ఇందూరుకూ బోధన్‌కూ ఏటా ఒక మ్యాచ్
తెలంగాణ విశ్వవిద్యాలయ ఉపకులపతి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతి గారికి,



2006లో మొదలైన మీ విశ్వవిద్యాలయానికి 2026తో ఇరవై ఏళ్లు. 1956లో పెట్టిన నిజామాబాద్ (మన ఇందూరు) గిరిరాజ్ ప్రభుత్వ కళాశాలకు డెబ్బై. ఇలాంటి సందర్భాల్లో ఏమేం జరుగుతాయో మనకు తెలిసిందే. శిలాఫలకం, సావనీరు, మంత్రిగారి రాక, శాలువాలు. అవన్నీ జరగనివ్వండి. వాటి పక్కన నాదొక చిన్న కోరిక. గిరిరాజ్ కాలేజీకీ, బోధన్ ప్రభుత్వ డిగ్రీ కాలేజీకీ మధ్య ఏటా ఒక ఫుట్‌బాల్ పోటీ పెట్టించండి. అమ్మాయిలకు ఒక మ్యాచ్, అబ్బాయిలకు ఒక మ్యాచ్. ఒకటో పోటీ, రెండో పోటీ అని దానికి నంబరు వేయించండి. ఎవరు ఆడారో, ఎవరు గోలు కొట్టారో, ఎవరు గెలిచారో ఒక పుస్తకంలో రాయించండి.

ఇంత చిన్న పనికి పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సారుకు ఒక ఫోన్ చేస్తే సరిపోదా, బహిరంగ లేఖ ఎందుకని మీరు అడగవచ్చు. ఒక్కసారి ఆడించడానికైతే పీడీ సారు చాలు. ఆయన బదిలీ అయ్యాక కూడా ఆడాలి, మీ పదవీకాలం అయ్యాక కూడా ఆడాలి. అందుకు మీ సంతకం కావాలి.

ఈ ఆలోచనకు మూలం చాలా దూరాన ఉంది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఈస్టన్ అని ఒక ఊరు, బెత్లెహాం అని ఇంకో ఊరు. రెంటి మధ్య దూరం అటూ ఇటుగా మన నిజామాబాద్‌కూ బోధన్‌కూ ఉన్నంతే, ముప్పై కిలోమీటర్ల లోపు. ఈస్టన్‌లో లఫాయెట్ కాలేజీ ఉంది, బెత్లెహాంలో లీహై యూనివర్సిటీ ఉంది. లఫాయెట్‌లో చదివేవాళ్లు ఈనాటికీ మూడు వేల లోపే. మన దగ్గర ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీ బ్రాంచీలన్నీ కలిపితే అంతకన్నా ఎక్కువమంది తేలుతారు. ఈ రెండు కాలేజీలూ 1884 నుంచి ఒకదానితో ఒకటి అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతున్నాయి. రెండు కొసలూ మొనదేరిన బంతిని చేత పట్టుకుని, తలకు హెల్మెట్, భుజాలకు మెత్తలు తగిలించుకుని గుద్దుకుంటూ ఆడే ఆట అది. ఎం.ఎస్.కు వెళ్లిన మన పిల్లలు మొదటి చలికాలం ఎవరు ఎందుకు పడిపోతున్నారో అర్థం కాక బిత్తరపోయేది టీవీలో దాన్ని చూసే.

మొదట్లో ఆ రెండు జట్లూ ఏడాదికి రెండేసి సార్లు కూడా తలపడేవి. అందుకే గడిచిన ఏళ్ల కంటే ఆడిన మ్యాచ్‌లు ఎక్కువ. ఇప్పటికి 160 దాటాయి. అమెరికాలో మరే రెండు కాలేజీలూ ఒకదానితో ఒకటి ఇన్నిసార్లు ఆడలేదు. ఆట మొదలయ్యాక ఒక్క 1896లో మాత్రం తప్పిపోయింది. లఫాయెట్ ఆటగాడు జార్జ్ బార్క్‌లే డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడాడనీ, అలాంటివాడు కాలేజీ జట్టులో ఉండకూడదనీ లీహై వాళ్లు పట్టుబట్టారు. లఫాయెట్ వాళ్లు వినలేదు. నూట ముప్పై ఏళ్ల నాటి తగువు, ఎవరిది న్యాయమో తీర్చడం నా వల్ల కాదు. కానీ ఆ ఒక్క ఏడు ఆట ఎందుకు ఆగిందో బోధన్‌లో కూర్చుని నేను చెప్పగలుగుతున్నానంటే ఎవరో రాసిపెట్టబట్టే. 2014లో ఆ పోటీకి 150వ మ్యాచ్ వచ్చింది. న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియంలో ఆడించారు. లఫాయెట్ 27–7తో గెలిచింది. ఊళ్ల మధ్య పుట్టిన ఆటను అంత పెద్ద స్టేడియానికి తీసుకెళ్లడం నాకంతగా నచ్చలేదు. అయితే అది వాళ్ల పండుగ, వాళ్ల ముచ్చట.

నన్ను పట్టుకున్నది బెత్లెహాం కథ. అది బెత్లెహాం స్టీల్ కంపెనీ ఊరు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్ వంతెనకు ఉక్కు అందించింది ఆ కంపెనీయే. వంతెన తెరిచింది 1937లో. మన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నిజాం షుగర్స్ పుట్టిందీ 1937లోనే. తండ్రి తర్వాత కొడుకు, కొడుకు తర్వాత మనవడు అదే గేటులోంచి పనికి వెళ్లిన ఊరు బెత్లెహాం కూడా. 1995 నవంబరులో అక్కడి కొలిమి ఆరిపోయింది. 2001లో కంపెనీ దివాలా తీసింది. 2003 నాటికి పేరు కూడా మిగల్లేదు. ఆ కొలుముల్ని ఇప్పుడు చూడ్డానికి నిలబెట్టి ఉంచారు. వాటి ముందు పాటకచేరీలు జరుగుతుంటాయి, ఆ స్థలంలోనే ఒక కాసినో కూడా వెలిసింది. ఆ 1995 నవంబరులో కూడా లీహై, లఫాయెట్ ఆడాయి. దివాలా తీసిన ఏడు ఆడాయి, పేరు చెరిగిన ఏడు ఆడాయి.

మన సంగతి మీకు చెప్పేదేముంది. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ నీళ్లతో చెరకు, చెరకుతో నిజాం షుగర్స్, దాని కాలనీ శక్కర్‌నగర్. ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అన్న మాట వింటూ ఇక్కడ తరాలు పెరిగాయి. 2002లో అది ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి మూసేశారు. 2024 జనవరిలో తెరిపించే దారి చూడమని ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. సారంగాపూర్ సహకార చక్కెర ఫ్యాక్టరీ కూడా మూతబడ్డదే. అదే సారంగాపూర్‌లో ఇప్పుడు మీ బీఎడ్ కాలేజీ నడుస్తోంది.

ఫ్యాక్టరీతో పాటు పోయేది జీతాలొక్కటే అయితే ఏదో ఒకలా సర్దుకునేవాళ్లం. ఊరంతా ఒకే వేళకు లేచి, ఒకే వేళకు ఇల్లు చేరి, ఒకే చోట గుమిగూడే అలవాటు కూడా పోతుంది. పిల్లలు బోధన్ నుంచి నిజామాబాద్, నిజామాబాద్ నుంచి హైదరాబాద్, అక్కణ్నుంచి డల్లాస్. ఫ్యాక్టరీ తెరవడం మీ చేతిలో లేదు వీసీ గారూ. మ్యాచ్ పెట్టడం ఉంది.

అమెరికన్ ఫుట్‌బాల్‌ను ఇక్కడికి దింపమంటున్నానని మాత్రం అనుకోకండి. ఆ ముచ్చట ఒకసారి తీరింది. 2011లో ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా అని ఒకదాన్ని ఆర్భాటంగా ప్రకటించారు. కర్ట్ వార్నర్, మైక్ డిట్కా లాంటి అక్కడి ఉద్దండులు వెనక నిలబడ్డారు. హైదరాబాద్‌కు స్కైకింగ్స్ అని ఒక జట్టు ఇచ్చారు. 2012లో ఆటలు జరిగాయి, కొలంబోలో! హైదరాబాద్ జట్టు ఆటను హైదరాబాద్ వాళ్లు టీవీలో చూడాలన్నమాట. రగ్బీ, ఇతర ఆటల నుంచి కుర్రాళ్లను తెచ్చి నేర్పించారు. వాళ్ల కష్టానికి వంక పెట్టలేం. లీగ్ మాత్రం నిలదొక్కుకోలేదు. నాకు తోచిన కారణం ఒకటే. ఆ జట్లకు వెనక కాలేజీ లేదు, ఊరు లేదు, టీవీ కోసం పుట్టాయి. లీహై, లఫాయెట్ మొదటిసారి ఆడేనాటికి టీవీ మాట అటుంచండి, రేడియో కూడా లేదు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఆ ఆటలోనే ఒక రకం, గుద్దుకోవడం లేకుండా నడుముకు వేలాడే పట్టీని లాగే ఫ్లాగ్ ఫుట్‌బాల్ వస్తోంది. సరదా ఉన్న పిల్లలు నేర్చుకుంటే మంచిదే. నేనడిగేది మన నేల మీద ఇప్పటికే వేళ్లూనిన ఫుట్‌బాల్ గురించి.

ఎంత లోతుకు వేళ్లూనిందో ఒక్క మనిషిని చూస్తే చాలు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకానికి తీసుకెళ్లిన సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాద్ మనిషే. బడిపంతులుగా పనిచేశారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు చేతికి తీసుకుని, ఆ ఏటి నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్‌ను వరసగా అయిదుసార్లు గెలిపించారు. ఆయన మీద 2024లో 'మైదాన్' సినిమా వచ్చాక ఈ సంగతులు కుర్రాళ్ల నోళ్లలో కూడా నానాయి. సినిమాకు జకార్తా చాలు. నాకు దానికి ముప్పై, నలభై ఏళ్ల వెనకటి సంగతి కావాలి. రహీం ఆడుతూ పైకొచ్చింది 'ఎలెవెన్ హంటర్స్' అనే జట్టులో. హైదరాబాద్ సిటీ కాలేజీలో చదువుతున్నవాళ్లూ, చదివి వెళ్లినవాళ్లూ కలిసి కట్టుకున్న జట్టు అది. తర్వాత దాన్నే సిటీ కాలేజ్ ఓల్డ్ బాయ్స్ అన్నారు. జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించిన ఫైనల్ సంగతి దేశమంతా చెబుతుంది. ఎలెవెన్ హంటర్స్ ఎవరి మీద గెలిచారు, ఎవరి చేతిలో ఓడారు, రహీం పక్కన ఆడిన మిగతా పదిమంది ఎవరు? లఫాయెట్‌లో అయితే ఇలాంటి ప్రశ్నకు లైబ్రరీకి వెళ్తే జవాబు దొరుకుతుంది.

మన జిల్లాకు ఆటగాళ్లు తక్కువా? నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్. బాక్సర్ హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ గేమ్స్ రెంటిలోనూ కాంస్యం తెచ్చాడు. యెండల సౌందర్య దేశం తరఫున హాకీ ఆడింది. పాకాల నుంచి వెళ్లిన మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లు నిండకుండానే 2014 మే నెలలో ఎవరెస్ట్ ఎక్కింది. ఇక ఫుట్‌బాల్‌కే వస్తే, కిసాన్‌నగర్ తండా అమ్మాయి గుగులోత్ సౌమ్య. కేరళలో గోకులం జట్టుకు ఆడింది, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ దాకా వెళ్లొచ్చింది, కోల్‌కతాలో ఈస్ట్ బెంగాల్‌ను 2024–25 భారత మహిళల లీగ్ విజేతగా నిలిపిన వాళ్లలో ఒకతె అయింది. ఆ ఏడు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను దేశంలోనే ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. 2025లో ఆసియా కప్ అర్హత పోటీల్లో మంగోలియా మీద మన అమ్మాయిలు 13–0తో గెలిచినప్పుడు గోలు కొట్టినవాళ్లలో ఆమె కూడా ఉంది.

ఈ పేర్లన్నీ మీకు తెలుసు, ఫ్లెక్సీల మీద చూస్తూనే ఉంటాం. ఒకటి గమనించండి. ప్రతి పేరూ ఒంటరిగా ఉంటుంది. ఒక తండ్రి పట్టుదల, ఒక కోచ్ మొండితనం, ఒక గురుకుల పాఠశాల. డిగ్రీ చదివే వయసు వచ్చేసరికి ఆటగాళ్లు జిల్లా దాటిపోతారు. నిఖత్ డిగ్రీ చదివింది హైదరాబాద్ ఏవీ కాలేజీలో. సౌమ్య పేరు పక్కన కనిపించే క్లబ్బులు కేరళవి, బెంగాల్‌వి, క్రొయేషియావి. వాళ్లను పోనివ్వవద్దని ఎవరూ అనరు, పైకి వెళ్లేవాళ్లు వెళ్లాలి. వెళ్లలేని వాళ్ల సంగతి చూడండి. తొమ్మిదో తరగతిలో బాగా ఆడి, ఇంటర్‌లో బూట్లు మూలపడేసి, డిగ్రీకి వచ్చేసరికి తాను ఆడేదాన్నని కూడా చెప్పుకోని అమ్మాయి ప్రతి కాలేజీలో ఉంటుంది. ఆమె ఇండియాకు ఆడదు. బోధన్‌కు ఆడగలదు. నూట నలభై ఏళ్లుగా లీహైకి ఆడినవాళ్లలో ఎక్కువమంది ఇలాంటివాళ్లే. ఇంజినీర్లయ్యారు, వకీళ్లయ్యారు. వాళ్ల పేర్లు మాత్రం పుస్తకంలో ఉన్నాయి.

ఓడిపోతే రాయడం ఎందుకని ఎవరైనా అంటే వాళ్లకు టెనెసీలోని కంబర్లాండ్ కాలేజీ కథ చెప్పండి. 1916లో ఆ కాలేజీ ఫుట్‌బాల్ ఆపేసింది. కానీ అంతకుముందే జార్జియా టెక్‌తో ఒక మ్యాచ్‌కు ఒప్పుకుని ఉన్నారు. రాకపోతే మూడు వేల డాలర్లు కట్టాలని వాళ్లు భీష్మించారు. సరే కదా అని దొరికిన కుర్రాళ్లను పోగేసుకుని అట్లాంటా వెళ్లారు. అక్టోబరు 7న 222–0తో ఓడారు. అచ్చుతప్పు కాదు, రెండు వందల ఇరవై రెండు, సున్నా. కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలో అంతటి ఓటమి ఇంకొకటి లేదు. ఆ ఓటమే ఇవాళ ఆ చిన్న కాలేజీకి లోకంలో ఉన్న పేరు. అదే మన దగ్గరైతే మర్నాడే ఆ రిజిస్టర్‌లో ఆ పేజీ చిరిగిపోయేదేమో.

మనది జ్ఞాపకం లేని నేల కాదు. బోధన్ అంటే అశ్మక జనపదానికి రాజధాని అయిన పోదనపురమేనని చరిత్రకారులు చెబితే రెండున్నర వేల ఏళ్ల గొప్ప చెప్పుకుని మురుస్తాం. ఇందూరు ఖిల్లా జైలు గోడ మీద కవి దాశరథి బొగ్గుతో పద్యం రాసిన సంగతి మన బడిపిల్లలకు కూడా తెలుసు. అశ్మక రాజు పేరు చెప్పగలిగే మన ఊళ్లో 1985లో కాలేజీ జట్టు కెప్టెన్ ఎవరంటే ఎంతమంది చెబుతారు? ఆ కెప్టెన్ ఇప్పుడు అరవై దాటి ఎక్కడో ఉండి ఉంటారు. అడిగితే ఒక సాయంత్రమంతా చెబుతారు.

అందుకే పోటీతో పాటు పాత సంగతులను కూడబెట్టే పని కూడా మొదలుపెట్టించమని మనవి. మీ విశ్వవిద్యాలయం పుట్టకముందు ఇక్కడి కాలేజీలు ఉస్మానియా కింద ఉండేవి. ఇంటర్ కాలేజియేట్ పోటీల ఫలితాలు, జట్ల ఎంపికల కాగితాలు వెతకాల్సిన మొదటి చోటు అదే. రెండోది పత్రికలు. 'ఈనాడు' 1989లో జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక ఊరి ఆటలకు కూడా పేపర్లో చోటు దొరికింది. మొదట ఒక ఏటి సంచికలు ముందేసుకుని కూర్చునే ఓపిక ఉన్న ఇద్దరు చరిత్ర విద్యార్థులు చాలు, అది వాళ్లకు ప్రాజెక్ట్ వర్క్ కింద పెట్టండి. ఉర్దూ చదవగలిగిన విద్యార్థి ఒకరైనా ఆ జట్టులో ఉండాలి. ఇందూరు ఆటల్లో సగం చరిత్ర ఉర్దూలో మాట్లాడుకున్నదే. మూడోది ఇళ్లు. ట్రంకు పెట్టెల్లో, దేవుడి పటాల వెనక జట్టు ఫోటోలు ఉంటాయి. మాస్ కమ్యూనికేషన్ పిల్లలు వెళ్లి ఫోన్‌తో తీసుకొస్తే చాలు, అసలు ఫోటో అడగొద్దని గట్టిగా చెప్పండి. తీసుకెళ్లినవాళ్లు తిరిగి ఇవ్వరన్నది ఈ ప్రాంతంలో ప్రతి ఇంటి అనుభవం.

శక్కర్‌నగర్‌ను మర్చిపోవద్దు. కాలనీ క్వార్టర్లలో పెరిగినవాళ్లు ఇప్పుడు ఎక్కడెక్కడో ఉన్నారు. రిటైరైన కార్మికులు కొందరు ఇంకా బోధన్‌లోనే, ఎనభైల్లో ఉన్నారు. ఏ సాయంత్రం ఎక్కడ ఏం ఆడేవాళ్లో వాళ్లనే అడగాలి, అదీ త్వరగా.

ఖర్చు అంటారా, పెద్దగా లేదు. రెండు బంతులు, సున్నం, రెండు వలలు, రిఫరీల భత్యం. ప్రయాణం గురించి తల్లిదండ్రులకు బెంగ ఉంటుంది, ముఖ్యంగా అమ్మాయిల విషయంలో. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. నిజామాబాద్–బోధన్ రూట్లో అమ్మాయిల జట్టు మొత్తం పైసా ఖర్చు లేకుండా వెళ్లి రావచ్చు. ఆ బస్సులో పాటలు పాడుకుంటూ వెళ్లడం కూడా ఆటలో భాగమే. తోడుగా ఒక అధ్యాపకురాలు, మైదానం పక్కన బట్టలు మార్చుకోవడానికి తాళం పడే ఒక గది, నీళ్లు వచ్చే ఒక బాత్‌రూం, ఈ మూడింటి మీద మీరు పట్టుబట్టండి. మన దగ్గర అమ్మాయిల ఆట ఆగిపోయేది చాలాసార్లు అక్కడే. రాజకీయ సభలకు పేరుపడిన గిరిరాజ్ కాలేజీ మైదానంలో ఆడేటట్లయితే ముందు వారం గుంజల గుంతలేమైనా ఉంటే పూడ్పించండి. గుంతలో కాలు పడితే మోకాలి లిగమెంటు పోతుంది, ఆ ఆపరేషన్ ఖర్చు ముందు మిగతా ఖర్చులన్నీ చిల్లరే.

ఒక షరతు మాత్రం పెట్టుకోవాలి. కప్పుకు ఏ నాయకుడి పేరూ, ఏ కంపెనీ పేరూ పెట్టవద్దు. ప్రభుత్వం మారితే పేరు మారుతుంది, పేరు మారితే నంబరు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. ఇందూరు–బోధన్ మ్యాచ్ అంటే చాలు.

తేదీ కూడా స్థిరంగా ఉండాలి. సంక్రాంతి సెలవులు అయ్యాక జనవరి చివరి శనివారం నాకు బాగా తోస్తోంది. ఎండ ఇంకా ముదరదు. బయటి ఊళ్లలో చదివేవాళ్లు, ఉద్యోగాలు చేసేవాళ్లు శనివారమంటే రాగలుగుతారు. సెమిస్టర్ పరీక్షల టైమ్‌టేబుల్ వేసే అధికారికి ఆ ఒక్క శనివారం వదిలేయమని ఇప్పుడే చెప్పి ఉంచండి. మిగతా అన్నిటికంటే కష్టమైన పని అదేనని నా అనుమానం.

పుస్తకం మూడు ప్రతులు రాయించండి. ఒకటి గిరిరాజ్ లైబ్రరీకి, ఒకటి బోధన్ డిగ్రీ కాలేజీకి, ఒకటి డిచ్‌పల్లిలో మీ దగ్గరికి. కంప్యూటర్లో కూడా ఎక్కించవచ్చు, కానీ చేత్తో రాసి, ఇద్దరు కెప్టెన్లూ సంతకం పెట్టే పద్ధతి ఉండాలి. ఓడిన కెప్టెన్ సంతకం ముందు.

మొదటి మ్యాచ్ ఎక్కడ పెట్టాలన్నది టాస్ వేసి తేల్చండి. బోధన్ గెలిస్తే నిజామాబాద్ జట్లకు, రిఫరీలకు ఆ రోజు మధ్యాహ్న భోజనం మా ఊరి పూచీ. ఎంతమంది వస్తారో వారం ముందు చెబితే చాలు.

ఇట్లు,
బోధన్ వాసి